బావ మాస్కు, అక్క నిద్ర

మా బావని పనిలో అందరూ 'వాషరు' అంటారు. కుళాయి విప్పినప్పుడు లోపలున్న రబ్బరు వాషరు ఎక్కడ పడిపోతుందోనని చిటికెన వేలికి తొడుక్కుంటాడు. పని అయ్యాక తీయడం మరిచిపోతాడు. అలా ఉంగరంలా పెట్టుకునే ఇంటికొస్తాడు, పెళ్ళిళ్ళకి వెళ్తాడు, బ్యాంకులో సంతకాలు పెడతాడు. బంగారంది మాత్రం ఎక్కడో డబ్బాలో ఉంది. మా అక్కకి మొదట్లో తల కొట్టేసినట్టు ఉండేది, ఇప్పుడు ఆమే వాషర్లు ఏరి గిన్నెలో వేస్తుంది.

పేరుకి ప్లంబరే కానీ, ఆయన ఇల్లు చూసి పైపులు చెప్పే రకం కాదు, పైపులు విని ఇల్లు చెప్పే రకం. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే కూర్చోకముందే తల పక్కకి వంచి, "మీ బాత్‌రూంలో ఏదో కారుతోందండీ" అంటాడు. చుట్టరికం మొహమాటం ఆయనకి పట్టదు. 'సుయ్' మని ఎక్కడ వినిపించినా ఆయన చెయ్యి దానంతట అదే స్పానర్ కోసం వెళ్తుంది. నీళ్ళు కానీ గాలి కానీ, లోపల ఉండాల్సింది బయటికొస్తే ఆయనకి ముద్ద దిగదు.

వాళ్ళు కింది అంతస్తు. నేనూ నా కుట్టుమిషనూ సరిగ్గా వాళ్ళ నెత్తి మీది అంతస్తు. నేను కర్టెన్లు కుడతాను. మా రెండు వంటిళ్ళలో నుంచీ ఒకటే నీళ్ళ గొట్టం పైకి పోతుంది. బావ దాని మీద స్పానర్‌తో టంగుమని కొట్టాడంటే టీ పెట్టారని అర్థం. ఫోను ఉంది, మెట్లున్నాయి, గొంతు ఉంది. అయినా గొట్టం మీద కొట్టందే ఆయనకి తృప్తి ఉండదు. టీ కబురొక్కటే కాదు, బావ గురక కూడా ఆ గొట్టం వెంటే మా ఇంటికొచ్చేది.

ఆ గురక గురించి మా చుట్టాల్లో చెప్పుకోని వాళ్ళు లేరు. ఆయన ఒక పెళ్ళికి వచ్చి విడిదిలో పడుకుంటే పెళ్ళివారు ఇంకో విడిది వెతుక్కున్నారని మా పిన్ని ఇప్పటికీ చెప్తుంది, ఆమె ఆ పెళ్ళికి వెళ్ళనే లేదు. నేనూ తక్కువ తినలేదు. "బావా, రాత్రి మోటారు ఆపడం మరిచిపోయినట్టున్నావు, ట్యాంకు నిండి పొర్లింది" అనేదాన్ని. ఆయన, "కత్తెరా, నీ నోటికి నిద్ర వస్తే బాగుండు, కాసేపైనా మూసుకునేది" అనేవాడు. నన్ను ఆయన పిలిచేది కత్తెర అనే. నా పని వల్ల అంటాడు. నోటి వల్ల అని అందరికీ తెలుసు.

ఇంత నవ్వులోనూ మా అక్క నవ్వేది కాదు. అది నాకు చాలాకాలం తట్టలేదు.

మా ఇంటికి రంగులు వేయించినప్పుడు నేను కొన్నాళ్ళు వాళ్ళ హాల్లో పడుకున్నాను. అప్పుడు తెలిసింది. గురక భయపెట్టేది కాదు, గురక ఆగడమే భయపెట్టేది. ఉన్నట్టుండి ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. ఆ తర్వాత హాయి పోతుంది. ఇంకా రావట్లేదేమిటి, ఇంకా రావట్లేదేమిటి అని నేనే పక్క మీద లేచి కూర్చున్నాను. లోపల మంచం కిర్రుమంది. బావ నీళ్ళలో మునిగి లేచినవాడిలా ఒక్కసారి గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ గురక. అలా ఎన్నిసార్లో.

పొద్దున అక్కని నిలదీశాను.

"ఆగిపోతుందే. మోకాలితో ఒక పోటు పొడుస్తాను. మళ్ళీ మొదలవుతుంది" అంది, పాలు పొంగకుండా చూస్తూ.

"రోజూనా?"

"రోజూ."

"మరి నువ్వు పడుకునేదెప్పుడు?"

"మధ్య మధ్యలో."

"బావకి చెప్పావా?"

"చెప్పకేం. 'నేను ఊపిరి ఆపేస్తే పొద్దున్నే ఇంత టిఫిన్ తింటున్నది ఎవరే' అంటారు. ఏం చెప్పను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా చుట్టాలందరూ అక్కది దిగులు మనస్తత్వమనీ, అందుకే కళ్ళు అలా గుంటలు పడ్డాయనీ తీర్మానించేశారు. ఆమెది మనస్తత్వం కాదు, కాపలా. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమెకన్నా ముందు ఎవరూ లేచింది లేదు. ఎలా లేస్తారు, అసలు పడుకుంటే కదా ఆమె!

చెప్తే వినని బావ చివరికి నీళ్ళు చెప్తే విన్నాడు. పగలు ఎక్కడ పడితే అక్కడ కునుకు తీయడం ఆయనకి మామూలే. ఒక ఆఫీసు వాళ్ళ చేతులు కడుక్కునే గదిలో సింకు కిందికి దూరి, వాల్వు సగం తిప్పి, అక్కడే నిద్రపోయాడు. నీళ్ళు గది నిండి, గుమ్మం దాటి, తివాచీ తడిపాయి. సింకు కింద నుంచి బూట్లు రెండూ బయటికి ఉంటే ప్రాణం పోయిందనుకుని అక్కడి వాళ్ళు కేకలు పెట్టారు. తన చేతిలో నీళ్ళు కారడమంటే మా బావకి తల ఎత్తుకోలేనంత అవమానం. వాళ్ళ మేస్త్రీ, "వాషరూ, డాక్టర్ దగ్గరికి పోయి రా, ఆ తర్వాతే పని" అన్నాడు. మారుమాట లేకుండా వెళ్ళాడు.

ఆస్పత్రిలో తల నిండా తీగలు అంటించి ఒక రాత్రి పడుకోబెట్టారు. డాక్టరమ్మ మర్నాడు కాగితం తిప్పి చూపించింది. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోతోందనీ, ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతోందనీ, ఆ లేవడం ఆయనకి గుర్తుండదు కానీ గుండెకి మాత్రం లెక్క ఉంటుందనీ చెప్పింది. ముక్కు ద్వారా మెల్లగా గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచే మిషన్ ఇస్తామంది. సీప్యాప్ అంటారట. అక్క అన్నీ విని ఒకే ఒక్క మాట అడిగింది.

"నేను ఎప్పుడైనా గాఢంగా నిద్రపోయి, పొడవకపోతేనో?"

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "ఇకమీదట ఆ పని మీది కాదమ్మా. మిషన్‌ది" అంది.

అక్క ఆ మాటని గుప్పిట్లో పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. మెట్ల మీదే నాకు రెండుసార్లు చెప్పింది.

మిషన్ అన్నం క్యారేజీ అంత ఉంది. దానికో ముడతల గొట్టం, గొట్టం చివర ముక్కుకి తొడిగే మెత్తటి మాస్కు, తల చుట్టూ పట్టీలు. బావ మొదట దాన్ని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, "మోటారు చూశావా, చప్పుడే వినిపించదు. మంచి పనివాడు చేశాడు" అన్నాడు. తర్వాత తొడుక్కున్నాడు. నేను గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను.

"బావా, తొండం బాగా కుదిరింది. చెవులు ఇంకాస్త పెరగాలి, అంతే."

ఏదో తిట్టాడు. మాస్కులోంచి గాలి తప్ప మాట రాలేదు. మా అక్క మొహంలో చాలా రోజులకి నవ్వు చూశాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మాస్కు ముందు భాగాన సన్నటి బెజ్జాలున్నాయి. వాటిలోంచి గాలి 'సుయ్' మంటూ వస్తుంది. ఎవరికైనా అది ఫ్యాను చప్పుడు లాంటిది, కాసేపటికి మరిచిపోతారు. మా బావకి కాదు. ముక్కు మీదే కారుతున్న కుళాయి పెట్టుకుని పడుకోమన్నట్టుంది ఆయనకి. చెయ్యి పట్టీల మీదికి పోయింది. ఒక పిసరు బిగించాడు. బిగిస్తే ముక్కు పక్కల నుంచి కూడా గాలి కారడం మొదలై కళ్ళలోకి కొట్టింది. ఇంకాస్త బిగించాడు. ఇంకా కారింది. మర్నాడు పొద్దున టీకి దిగితే బావ బుగ్గల మీద, నుదుటి మీద పట్టీల అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఏంటి బావా, అక్క చేతిలో తిన్నావా?"

"కారుతోందే. ఎక్కడి నుంచో కారుతోంది. పట్టుకుంటాను" అన్నాడు. ఆయన కళ్ళలో పట్టుదల చూసి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ తర్వాత కొన్ని రోజులు బావ పడుకోలేదు, లీకుతో కుస్తీ పట్టాడు. సబ్బు నురగ రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూశాడు, గ్యాస్ పైపుకి చూసినట్టు. బుడగలు ముందున్న బెజ్జాల్లో వచ్చాయి. "దొరికింది" అన్నాడు. తయారుచేసినవాడే సరిగ్గా మూయకుండా పంపేశాడనీ, ఈ కాలంలో పనివాళ్ళకి శ్రద్ధ లేదనీ మాకు పాఠం చెప్పాడు. సంచిలోంచి పైపుల అతుకుల్లో పెట్టే తెల్ల పుట్టీ తీసి, ఒక్కో బెజ్జంలో కూరి, వేలితో నున్నగా అద్దాడు. పని మాత్రం బ్రహ్మాండంగా చేశాడు. ఆ ముద్ద అక్కడ మొదటి నుంచీ ఉన్నట్టే ఉంది. మిషన్ వేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అక్కా నేనూ కూడా భేష్ అన్నాం. మాకు మాత్రం ఏం తెలుసు!

పొద్దున్నే లేచిన బావ తల రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. గదిలో కిటికీలన్నీ మూసి నోట్లో గుడ్డలు కుక్కినట్టుందన్నాడు. నిద్రలోనే ఎప్పుడో మాస్కు పీకి విసిరేశాడు, అది అల్మారా కింద దొరికింది. ఇంకో రాత్రి ప్రయత్నించాడు, అదే తంతు. మూడోసారి మిషన్ని దాని పెట్టెలోనే సర్దేసి, అటక మీద పాత కుళాయిల పక్కన పెట్టాడు.

"ఇది మనిషి వాడే వస్తువు కాదు. ప్రాణం నిలబెడుతుందని ఇచ్చి ప్రాణం తీస్తోంది. దీనికన్నా నా గురకే నయం" అన్నాడు.

ఆ రాత్రి నుంచి మళ్ళీ అక్క మోకాలు డ్యూటీ ఎక్కింది. పైన నాకు గురక వినిపించేది, ఆగడం వినిపించేది, మళ్ళీ మొదలవడం వినిపించేది. ఆ మధ్యలో మా అక్క ఉందని ఇప్పుడు తెలుసు కాబట్టి నాకూ నిద్ర పట్టేది కాదు. పక్కకి తిరిగి బావని ఎడాపెడా తిట్టుకునేదాన్ని.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. అక్కడ మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లల్ని చాపల మీద పడుకోబెడతారు. టీచరు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండాలి. ఆ రోజు పిల్లలు నిద్రపోయారు, టీచరూ నిద్రపోయింది. పిల్లలు లేచారు, టీచరు లేవలేదు. కొందరు బుద్ధిమంతులు పక్కకొచ్చి ఆమె చేతి మీద జోకొట్టారట. ఇద్దరు మాత్రం బూట్లు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. ఎదురుగా పళ్ళు అమ్మే ఆవిడ చూసి, చెరో అరటిపండు చేతిలో పెట్టి తీసుకొచ్చింది. ఏమీ కాలేదు. కానీ అది పెద్ద రోడ్డు. బస్సులు తిరిగే రోడ్డు.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషే. కేకలు వేయలేదు. "ఇంకోసారి ఇలా జరిగితే మిమ్మల్ని ఇక్కడ ఉంచలేనమ్మా, పిల్లల విషయం" అంది. అక్క ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. ఉద్యోగం గురించి కాదు. "ఆ పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని వెళ్ళారటే" అని అదే మాట పదే పదే అంటూ ఏడ్చింది.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. అంత కోపం నాకు ముందెప్పుడూ రాలేదు, ఇప్పుడు తలుచుకున్నా తగ్గించి చెప్పాలనిపించదు.

"విన్నావా బావా? నువ్వు ఊళ్ళో అందరి ఇళ్ళల్లో లీకులు వింటావు. నీ పక్కలో మనిషి పడుకోవట్లేదని ఇన్నేళ్ళుగా నీ చెవికి ఎక్కలేదు. నువ్వు గురక పెడుతుంటే అది వింటోంది. నువ్వు ఆగిపోతే లేచి పొడుస్తోంది. నీకోసం ఊపిరి కూడా అదే పీల్చాలా? ఆ మిషన్ అటక మీద ఉంది, మా అక్క నేల మీద ఉంది. ఏది దించుతావో, ఎవరిని లేపుతావో నీ ఇష్టం!"

"ఊరుకోవే" అంది అక్క.

బావ వేలికున్న వాషర్ని తిప్పుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని అటక మీది నుంచి పెట్టె దించాడు. దుమ్ము తన చొక్కాతోనే తుడిచాడు.

మర్నాడు అక్కని బడికి పంపి నేనే బావ వెంట ఆస్పత్రికి వెళ్ళాను, ఆయన మధ్యలో మనసు మార్చుకుని పక్క వీధిలోకి తిరగకుండా. అక్కడ మాస్కులు కుదిర్చే అమ్మాయి ఒకతి ఉంది. చిన్న గది, గోడ నిండా రకరకాల మాస్కులు వేలాడుతున్నాయి. బావ ఫిర్యాదులన్నీ వరసగా చెప్పాడు: తలనొప్పి, ఉక్కిరిబిక్కిరి, పక్కల నుంచి లీకు. ఆ అమ్మాయి వింటూ మాస్కు చేతిలోకి తీసుకుంది. వెలుతురుకి ఎత్తి చూసింది. గోటితో గీకింది.

"ఇదేంటి సార్?"

"పుట్టీ" అన్నాడు బావ, కాస్త గర్వంగానే.

"ఎందుకు పెట్టారు?"

"లీకవుతోందమ్మా. మీ వాళ్ళు చూసుకోలేదు. నేనే సరిచేశాను."

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. అయినా గొంతు పెంచలేదు. "సార్, అది లీకు కాదు. మీరు వదిలిన గాలి బయటికి పోయే దారి. అది మూసేస్తే మీరు వదిలిందే మళ్ళీ మీరు పీలుస్తారు. అందుకే ఆ తలనొప్పి. మీరు మాస్కు పీకి పారేశారు చూడండి, చాలా మంచి పని చేశారు" అంది.

నేను తిట్టడానికి నోరు తెరిచి, బావ మొహం చూసి మూసుకున్నాను. ఆయన మాస్కునే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"అంటే ఇది... గాలిగొట్టం!" అన్నాడు చివరికి.

సంగతేమిటంటే, ఏ ఇంట్లో అయినా మురుగు పైపుకి మేడ మీదికి ఒక గొట్టం ఉంటుంది, లోపలి గాలి పోవడానికి. దాని నోరు తెరిచే ఉండాలి. చూడటానికి బాగోలేదనో, పిట్టలు దూరుతున్నాయనో ఇంటివాళ్ళు దాన్ని మూసేస్తుంటారు. అప్పుడు సింకు గుడగుడలాడుతుంది, వాసన ఇంట్లోకి తన్నుకొస్తుంది. అలా మూసిన వాళ్ళని మా బావ ఎంత మాటైనా అంటాడు. ఒకాయన్ని మేడ ఎక్కించి మరీ, "నీ ముక్కు మూసుకుని అన్నం తినవయ్యా చూద్దాం!" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆ మాట మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు.

"బావా" అన్నాను, "ముక్కు మూసుకుని—"

"చెప్పకే. తెలుసు" అన్నాడు. మరుక్షణం ఆయనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది. ముగ్గురం అలా నవ్వుతుంటే పక్క గదిలోంచి ఎవరో వచ్చి తలుపు వేసి వెళ్ళారు.

ఆమె ఆయనకి కొత్త మాస్కు ఇచ్చి, పడుకోబెట్టి, మిషన్ వేసి, పట్టీలు వదులు చేసింది. వదులు చేసిన కొద్దీ పక్కల లీకు తగ్గింది. ఆ మెత్తటి అంచు గాలితో ఉబ్బి మొహం మీద తేలాలట. నొక్కేస్తే ముడతలు పడి కారుతుందట. బావ కళ్ళు మూసుకునే వింటున్నాడు.

"వాషర్ని పిసికేస్తే కారకేం చేస్తుంది" అన్నాడు మాస్కు తీశాక. "కుళాయి దగ్గర పని నేర్చుకునే పిల్లాడికి కూడా చెప్తాను ఈ మాట. నా మొహం దగ్గరికొచ్చేసరికి బుర్ర పని చేయలేదు."

బుర్రకి ఎక్కింది కాబట్టి ఇక ఒంటికి ఎక్కాలి. పగలంతా మాస్కుతో స్నేహం చేయమని ఆ అమ్మాయి చెప్పింది. అక్షరాలా అదే చేశాడు. సెలవు రోజున మాస్కు తొడుక్కుని పేపరు చదివాడు. మాస్కుతోనే టీవీ చూశాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను, ఈయన తలుపు తీయగానే రెండడుగులు వెనక్కి వేశాడు. పట్టీల అచ్చులు పడకుండా నేను కర్టెన్ల తర్వాత మిగిలిన మెత్తటి గుడ్డతో తొడుగులు కుట్టిచ్చాను. పూల గుడ్డే మిగిలింది. "గులాబీలా?" అన్నాడు. "తొండానికి అలంకారం బావా" అన్నాను. విప్పలేదు, వాడుకున్నాడు.

అన్నీ ఒక్క రోజులో కుదిరిపోలేదు. నోరు ఎండిపోయిందన్నాడు, గాలి తడిగా వచ్చేలా మిషన్‌కి నీళ్ళు పోసే చిన్న తొట్టి అమర్చారు. నిద్రలో గొట్టం మెడకి చుట్టుకుంటోందన్నాడు, తలవైపు గోడకి తనే ఒక కొక్కెం కొట్టి దానికి వేలాడదీశాడు. ఆ కొక్కెం నాలుగు కర్టెన్ల బరువు మోస్తుంది, అంత గట్టిగా కొట్టాడు. 'సుయ్' మన్నప్పుడల్లా చెయ్యి లేచేది. "గాలిగొట్టం, గాలిగొట్టం" అని తనకి తనే చెప్పుకుని చెయ్యి దించేవాడట. మెల్లగా గొట్టంలోంచి మా ఇంటికి గురక రావడం మానేసింది. ఆయన సింకుల కింద నిద్రపోవడం మానేశాడు. మొహంలో ఉబ్బు పోయింది. మధ్యాహ్నం మూడింటికి కూడా జోకులు వేస్తున్నాడని వాళ్ళ మేస్త్రీ విసుక్కున్నాడు. డాక్టరమ్మ మిషన్‌లోని లెక్క చూసి భుజం తట్టింది.

నేను అంతా అయిపోయిందనుకున్నాను. అవలేదు. అక్క కళ్ళ కింద గుంటలు అలాగే ఉన్నాయి.

"ఇప్పుడేమైందే నీకు? గురక లేదు కదా" అన్నాను.

"అదే కదా" అంది నెమ్మదిగా. "గురక లేకపోతే ఆగినట్టే కదే నాకు. ఇన్నేళ్ళూ నిశ్శబ్దం అయిందంటే లేవడమే. ఇప్పుడు రాత్రంతా నిశ్శబ్దం. లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. అక్కడ మాస్కు, ఎవరి గాలో తెలియదు. గుండె మీద చెయ్యి వేసి పడుకుంటాను. మిషన్ మీద నమ్మకం లేక కాదే. నా మోకాలికి తెలియట్లేదు."

బడిలో మధ్యాహ్నం వేళ కూర్చోకుండా నిలబడే ఉంటోందట, నిద్ర పడుతుందేమోనన్న భయంతో. ఆ సంగతి బావకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆయనకి చెప్తే మాస్కు మళ్ళీ బరువవుతుందట. నేను ఒట్టు వేశాను, నా జన్మలో దాచిన రహస్యం అదొక్కటే.

అలా ఎన్నాళ్ళు గడిచిందో చెప్పలేను. ఒక పనిరోజు పొద్దున, నేను పళ్ళు తోముకుంటుంటే, వంటింట్లో గొట్టం మోగింది. టీకి కొట్టినట్టు కాదు. టంగు టంగు టంగుమని ఆగకుండా. నురగ నోటితోనే మెట్లు దిగి పరిగెత్తాను.

బావ వంటింట్లోంచి నాకు ఎదురొచ్చాడు. మాస్కు నుదుటి మీదికి ఎగదోసి ఉంది, ఊడదీసిన గొట్టం భుజం మీద నుంచి వేలాడుతోంది, చేతిలో స్పానర్ ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ అక్క లేవలేదే. నేను లేచేసరికి పక్కలోనే ఉంది. ఎప్పుడూ లేదు అలా. పిలిచాను, పలకలేదు."

గదిలోకి వెళ్ళాం. బయట ఎండ వచ్చేసింది, కర్టెన్ సందులోంచి మంచం మీద పడుతోంది. అక్క గోడ వైపు తిరిగి, దుప్పటి సగం జారిపోయి, నోరు కొంచెం తెరుచుకుని పడుంది. బావ వంగి, ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. వాషరున్న చెయ్యే. నేను అడుగు కూడా కదపలేదు. ఒక్క నిమిషం ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఆమె ఊపిరి ఆయన వేళ్ళకి తగిలింది. తగిలిందని ఆయన భుజాలు చూస్తే తెలిసింది.

మంచం పక్కన నేల మీద అలాగే కూలబడ్డాడు.

"నిద్రపోతోంది" అన్నాడు. జారిన దుప్పటి ఆమె మీదికి లాగి, "ఇలాగేనా ఇది? రోజూ రాత్రి ఇలాగేనా నన్ను చూసింది?" అన్నాడు.

ఒట్టు ఉన్నా లేకున్నా దానికి నేను జవాబు చెప్పాల్సిన పని లేదు. ఒక్క నిమిషానికే ఆయన ప్రాణం ఎక్కడికి పోయిందో ఆయనకి తెలిసింది. ఆమెకి అది పెళ్ళయినప్పటి నుంచీ. బావ కళ్ళు తుడుచుకోబోతే మాస్కు అడ్డం వచ్చింది. నాకు నవ్వు, ఏడుపు, నోట్లో పళ్ళపొడి, అన్నీ కలిసి ఒకేసారి వచ్చాయి.

అంతలో అక్క అటు నుంచి ఇటు తిరిగి, సన్నగా, ఈల వేసినట్టు గురక పెట్టింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అక్కకి గురక ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది, గురక పెట్టేంత నిద్ర ఆమె ఎప్పుడు పోయింది కనుక!

గోడ గడియారం చూసి నేను గుండె బాదుకున్నాను. బడి గంట కొట్టే వేళ అవుతోంది. "బావా, లేపాలి. హెడ్‌మిస్ట్రెస్ ఊరుకోదు" అని మంచం వైపు అడుగు వేశాను. ఆయన లేచి అడ్డం నిలబడ్డాడు, స్పానర్‌తో సహా.

"ముట్టుకున్నావంటే మరదలివని కూడా చూడను."

హాల్లోకి వచ్చి, గది తలుపు చప్పుడు కాకుండా చేరవేసి, ఫోను తీసుకున్నాడు. మాస్కు ఇంకా నుదుటి మీదే ఉంది, గులాబీల పట్టీలు చెవుల మీద. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"నమస్కారమండీ, టీచరుగారి భర్తని. ఇవాళ ఆవిడ ఆలస్యంగా వస్తారు... అబ్బే, ఒంట్లో బాగానే ఉందండీ. చాలా బాగుంది." అటువైపు ఏదో అడిగినట్టున్నారు. బావ తలుపు వైపు చూశాడు.

"నిద్రపోతోందండీ" అన్నాడు.